మహాదేవమ్మ బావి

అనుమానం ముందు పుట్టి ఆ తర్వాత మనిషి పుట్టింది అంటారు. ఆ మాట మా మేనత్త మహాదేవమ్మను చూసే పుట్టించి ఉంటారని నా నమ్మకం. పొద్దున లేవగానే ఆమె చేసే మొదటి పని, రాత్రి జొన్నల గాదె ముందు గీసిన బూడిద గీత చెదిరిందా అని చూడటం. చెదరకపోతే, దొంగలు మళ్లీ గీసిపోయారేమోనని వంగి ఇంకోసారి చూసేది. జహీరాబాద్ పోయే బస్సు ఎక్కితే కండక్టర్ ఇచ్చిన టికెట్టు నా చేతిలో పెట్టి, "జహీరాబాదనే ఉన్నదా, ఇంకో ఊరి పేరుందా?" అని అడిగేది. ఇంటికొచ్చిన చుట్టం ఎక్కువ నవ్వితే ఏదో అడగడానికి వచ్చాడనీ, నవ్వకపోతే ఏదో దాస్తున్నాడనీ ఆమె తీర్పు. మా నాయిన గురులింగప్ప ఆమెకు తమ్ముడు. ఆయన నోట్లో నువ్వు గింజ నానదు. ఇద్దరూ ఒక్క కడుపున ఎట్లా పుట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అట్లాగని ఆ అనుమానం ఊరికే వచ్చింది కాదు. ఆమెను న్యాల్‌కల్ అవతల, బీదర్ వైపు ఊరికి ఇచ్చారు. పెళ్లయిన మూడో ఏడు భర్త జ్వరంతో పోయాడు. నెల తిరక్కముందే మరుదులు ఒక కాగితం తెచ్చి, సర్కారు ఊరికే విత్తనాలిస్తుంది, వేలు పెట్టు వదినా అన్నారు. పెట్టింది. ఆ వేలిముద్రతో భర్త వాటా ఎనిమిదెకరాలు వాళ్లవైపోయాయి. ఇరవై రెండేళ్ల వయసులో ఒక ట్రంకుపెట్టె, ఒక గొంగడితో పుట్టింటికి తిరిగొచ్చింది. మేము అల్లరి చేస్తే ఆమె తన బొటనవేలు మా ముందు పెట్టి, ఊళ్లో దొంగను చూపించినట్టు చూపించేది. "గిదే, నన్ను ముంచింది గిదే" అనేది.

నాయిన ఆమెకు ఊరి చివర రెండెకరాల ఎర్రనేల ఇచ్చాడు. నోటిమాటగా. "ఇది నీది అక్కా" అన్నాడు, అంతే. కాగితం రాయిద్దామంటే ఆమే వద్దంది. ఆ నేలలో ఆమె బావి తవ్వించింది. తవ్వించిందనడం కూడా తప్పే. రెండు ఎండాకాలాలు ఒడ్డెరవాళ్లతో సమానంగా తట్టలు మోసింది. నీళ్లు పడ్డనాడు ఆ బురద నీళ్లే దోసిట్లో పట్టుకుని తాగిందట. ఊళ్లో అందరూ దాన్ని మహాదేవమ్మ బావి అనే పిలిచేవాళ్లు. ఈ భూమ్మీద ఆమెకంటూ ఉన్నది ఆ బావి ఒక్కటే.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, 1975లో, ఆ బావికి గండం వచ్చిందని ఆమె అనుకుంది. మా ఊరు జహీరాబాద్ నుంచి ఝరాసంగం పోయే దారిలో కొంచెం లోపలికి ఉంటుంది. బడి ఏడు వరకే. ఆ ఏడాది జగన్‌మోహన్ సారు కొత్తగా వచ్చాడు. సదాశివపేట మనిషి, సన్నగా ఉండేవాడు, సైకిల్ మీద తిరిగేవాడు. శివరాత్రి జాతర అయిపోయి ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మధ్యాహ్నమంతా పిల్లలు మోదుగు పూల కోసం ఎండలో పడి తిరుగుతున్నారని ఆయన ఒక పని పెట్టాడు. ఆరు, ఏడు తరగతుల పిల్లలు ఇంట్లో పెద్దవాళ్లను వెంటబెట్టుకుని నాలుగు రోజులకోసారి తమ బావిని కొలవాలి. తాడుకు మూరకో ముడి, కొసకు రాయి. నీళ్లు తగిలేదాకా ఎన్ని ముడులు, నీళ్లలో తడిసినవి ఎన్ని ముడులు, నోటుబుక్కులో రాయాలి. కింద ఇంటిపెద్ద సంతకమో వేలిముద్రో ఉండాలి. ఎండలు ముదిరేకొద్దీ ఊరి నీళ్లు ఎట్లా దిగుతాయో పెద్ద కాగితం మీద గీసి, ఉగాది నాడు అన్ని ఇళ్లవాళ్లనూ బడికి పిలిచి చూపిస్తానన్నాడు.

"పిల్లలు ఒక్కళ్లే నేర్చుకుంటె కాదు. ఇంటోళ్లు గూడ పక్కన నిలబడాలె" అన్నాడు సారు.

మాకు సంబరం. నోటుబుక్కులో మొదటి గీత మీద మొదటి ప్రశ్న మాత్రం 'బావి ఎవరిది?' అని ఉంది. అక్కడే పేచీ మొదలైంది.

"ఏమే సంగీ, గాయనకెందుకు మన బావి లోతు? దుంకుతడా ఏంది?" అంది అత్త.

"లెక్కలు నేర్చుకునేందుకత్తా."

"లెక్కలు నేర్వాలంటె చింతగింజలు లేవా? బావులెందుకు?"

అయినా నాతో వచ్చింది. ఆమె లేకుండా ఆమె బావి దగ్గర ఎవరు ఏం చేసినా ఊరుకోదు. నేను కట్టిన తాడు చూసి, నా మోచేయి పక్కన తన మోచేయి పెట్టి చూసింది. "నీ మూర పొట్టిది. తడి ముడులు ఎక్కువొస్తయి. నీళ్లు దండిగున్నయని రాసుకుంటరు. నా మూరతోని కట్టు" అంది. ముడులన్నీ విప్పి ఆమె మూరతో మళ్లీ కట్టాం. నీళ్లకు పదకొండు మూరలు, తడిసినవి ఏడు. నేను బావి గట్టు మీదే కూర్చుని రాశాను.

"ఏం రాసినవ్?"

"బావి నీదని రాసిన అత్తా. మూర గూడ నీదే అని రాసిన."

ఆమె నా పక్కన కూర్చుని, "నా పేరు ఏడున్నది?" అని అడిగింది. చూపించాను. అక్షరాల మీద వేలు పెట్టబోయి, చెరిగిపోతాయేమోనని వెనక్కి తీసుకుంది. ఇంటికొచ్చాక నాయిన సంతకం పెట్టాడు. రాత్రి బడిలో సంతకం నేర్చినప్పటి నుంచి ఆయనకు ఎక్కడైనా సంతకం పెట్టడమంటే సరదా. చివరి 'ప్ప' కింద ఎద్దుతోక లాంటి గీత ఒకటి పొడుగ్గా లాగేవాడు. ఆ తోకను ఊళ్లో గుర్తుపట్టనివాళ్లు లేరు. అట్లా మూడుసార్లు కొలిచాం, మూడుసార్లు ఆయన తోక లాగాడు.

మూడోసారి కొలిచిన మరునాడు మా పక్క చేను ఈరయ్య జహీరాబాద్ నుంచి కబురు మోసుకొచ్చాడు. బెల్లం అమ్మడానికి పోయి మనిషి మొహం మాడ్చుకుని వచ్చాడు.

"సీలింగు చట్టమంట గురులింగప్పా. వానకు పండే కుష్కి భూమైతె ఎక్కువుంచుకోవచ్చు, నీళ్లు పారే తరి అయితె తక్కువ. మన బావుల్ల నీళ్లు ఎన్నున్నయో రాసుకున్నరనుకో, మన కుష్కంత తరి కింద కడ్తరు, గుంజుకపోతరు. గా పంతులు ఊకె వచ్చిండనుకుంటున్నరా? ఆయన సంచిల టేపున్నది. నా కండ్లతోని జూసిన."

టేపు ఉన్నమాట నిజమే. మూరలను మీటర్లలోకి మార్చడం చెప్పడానికి సారు ఒక గుడ్డ టేపు తెచ్చాడు. ఈరయ్యకున్నది మూడెకరాలు. సీలింగు ఆయన దాకా రావాలంటే దారి తప్పి రావాలి. కానీ భయానికి ఎకరాలతో పనిలేదు. రెండు రోజుల్లో ఊరంతా గుసగుసలు. సారుకు మజ్జిగ పోసే ఇళ్లు మజ్జిగ లేదన్నాయి. ఆయన సైకిల్ ఏ చేను వైపు తిరిగినా వెనకాల ఒక మనిషి నడిచేవాడు. ఇంద్రసేన పటేలు ఆయన్ను ఇంటికి పిలిపించి, చాయ్ తాగించి, చాలా మర్యాదగా, "సారూ, తమరు అసల్ బడి డిపార్టుమెంటేనా?" అని అడిగాడట.

ఇక మా అత్త సంగతి చెప్పాలా? కామునిపున్నమ నాడు పొద్దుగూకేవేళ నా సంచిలోంచి నోటుబుక్కు తీసుకుని పోయింది. పిల్లలు ఊరంతా ఎత్తుకొచ్చిన కట్టెలు, పిడకలు పోసి కాముణ్ని కాలుస్తున్నారు. కాసేపటికి ఉత్తచేతులతో వచ్చి, "మంటల ఏసిన" అంది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

"ఏడువకు. నా పేరు ఒక్కపారి కాగితం మీదికెక్కింది, ఎనిమిదెకరాలు పోయినయి. మల్ల ఎక్కనియ్య. కొత్త బుక్కుల గురులింగప్ప బావి అని రాయి. సర్కారొస్తె మొగోనితోని మాట్లాడుకుంటది."

రాశాను. ఏం చెయ్యను?

ఉగాది నాడు అన్ని ఇళ్లవాళ్లూ బడికి వచ్చారు. రాకపోతే ఏదో దాస్తున్నారని అనుకుంటారని వచ్చారు. వరండాలో జంపఖానా పరిచి, సారు కొత్త కుండలో పచ్చడి తానే కలిపాడు. ఆయన ముందు తాగేదాకా మా అత్త నోట పెట్టలేదు. తర్వాత గోడకు పెద్ద కాగితం కట్టి, పిల్లల నోటుబుక్కుల్లోంచి ఎక్కించిన వివరాలు పైకి చదవడం మొదలుపెట్టాడు. ఈరయ్య బావి ఆయన తాత మల్లయ్యదట. మల్లయ్య కలరా వచ్చిన ఏట పోయాడు. పటేలు బావుల్లో ఒకటి ఎల్లమ్మ తల్లిది, మిగతా రెండూ ఎండిపోయాయి. చదువుతూ పోతుంటే సారు గొంతు తగ్గుతూ వచ్చింది. ఊళ్లోని పదిహేడు బావుల్లో ఆరు చచ్చిపోయినవాళ్లవి, రెండు దేవతలవి, ఐదింట్లో చుక్క నీళ్లు లేవు. బడి వెనకాల పటేలు ఎండిపోయిన బావి మీద మోట కిర్రుకిర్రుమంటూ నడుస్తోంది. ఒక్కరూ నవ్వలేదు. ప్రతి ఒక్కరూ పక్కవాళ్ల అబద్ధం విని, తన అబద్ధం ఇంకెవరికైనా తెలిసిపోయిందేమోనని చూస్తున్నారు.

మా వంతు వచ్చింది. "గురులింగప్ప బావి" అని చదివి సారు ఆగాడు. "సంగమ్మా, ముందుగాల ఇంకో పేరు రాసినట్టున్నవ్ గదా?" అని అడిగాడు.

నేను అత్త వైపు చూశాను. ఆమె కళ్లు నన్ను పట్టుకుని ఉన్నాయి.

"లేదు సార్" అన్నాను.

"మీరందరు కలిసి ఒక్క పనైతె మంచిగ చేసిన్రు" అని ఆయన కాగితం చుట్టి బీరువాలో పెట్టాడు. ఎండాకాలం సెలవుల తర్వాత మళ్లీ రాలేదు. బదిలీ అడుక్కుని పోయాడన్నారు. సీలింగువాళ్లు కూడా మా ఊరి బావులు చూడటానికి రాలేదు. చూశావా, నోటుబుక్కు కాల్చినందుకే రాలేదని అత్త తేల్చేసింది.

ఏడు పాసయ్యాక నాకు సంబంధాలు చూస్తానన్నాడు నాయిన. మా అన్న బస్వరాజ్ అయితే ఆడపిల్లకు చదువెందుకని అప్పుడే పెద్దమనిషి మాటలు మాట్లాడేవాడు. వాళ్లిద్దరికీ అడ్డం నిలబడింది మా అత్తే.

"దీన్ని జహీరాబాద్‌ల చదివియ్యి తమ్మీ. రేపు ఎవడన్న నా ముందట కాగితం పెడితె, దాన్ల ఏమున్నదో ఉన్నదున్నట్టు చదివి చెప్పేటోళ్లు నా అనేటోళ్లల్ల ఒక్కరన్న ఉండాలె."

తన బావి కింద పండిన పంటతో నన్ను హాస్టల్‌లో పెట్టింది. నెలకోసారి బస్సెక్కి వచ్చేది. వచ్చినప్పుడల్లా సంచిలోంచి ఏదో ఒక కాగితం తీసేది, ఎరువుల సంచి మీద అంటించిన చీటీయో, ఎవరో పంచిన కరపత్రమో. "చదువు" అనేది. చదివితే తల ఊపేది. అట్లా చదివి చదివి నేను టీచర్నయ్యాను, రాయికోడ్ దగ్గర ఉద్యోగమొచ్చింది, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు.

1985 కార్తీకంలో నాయిన పోయాడు. నోటిమాట ఆయనతోనే పోయింది. ఆ తర్వాత వచ్చిన ఫాల్గుణంలో మా అన్న చెరుకు పెడతానని బావి మీద మోటారు దించాడు. "భూమి నాయిన పేరు మీదున్నది, బావి నాయినది. నువ్వు ఇన్నొద్దులు వాడుకున్నవ్, గంతె. ఇంట్ల కూసో అత్తా, బువ్వ పెడ్త" అన్నాడు. ఆమె బావి గట్టున గుడిసె వేసుకుని అక్కడే పడుకుంది, పంచాయితీ పెట్టించింది. సాక్ష్యానికి నాకు కబురు చేసింది. ఆమె బావి మీద కూడబెట్టుకున్న బతుకంతా ఇప్పుడు నా ఒక్క మాట మీద ఉంది.

నేను ముందు రోజే వచ్చాను. అన్న ఇంట్లోనే దిగాను. రాత్రి అన్నం పెడుతూ అన్న నెమ్మదిగా అన్నాడు. "నువ్వు అత్త దిక్కు మాట్లాడ్తె మాట్లాడు. మల్ల ఈ గడప తొక్కకు. నీ పిల్లలకు మేనమామ లేడనుకో." పక్కన వదిన నా పిల్లల కోసమని నెయ్యి డబ్బాలో పోసి మూత పెడుతోంది. అమ్మ ఎప్పుడో పోయింది, నాయిన పోయాడు, నాకు పుట్టిల్లంటూ మిగిలింది ఆ గడపే. నాకు భయమేసింది. ఆ భయాన్ని నేను ఇప్పుడు కూడా సమర్థించుకోను.

పంచాయితీ ఆ బడి వరండాలోనే కూర్చుంది. ఇంద్రసేన పటేలు ముసలివాడైపోయాడు, మాట మాత్రం ఆయనదే. బస్వరాజ్ బీరువాలోంచి ఆ పాత ఉగాది కాగితం తీయించి పరిచాడు. చెదలు ఒక మూల తిన్నాయి, మిగతాదంతా బాగానే ఉంది.

"సూడున్రి. పదకొండేండ్ల కిందనే గురులింగప్ప బావి అని రాసున్నది. అత్త ముందటనే చదివిన్రు. అప్పుడు నోరెందుకు తెరవలే?"

అది అబద్ధాల కాగితమని అక్కడున్న అందరికీ తెలుసు. చెప్పాలంటే ముందు ఈరయ్య చెప్పాలి. ఆయన బావి ఆ కాగితంలో ఇంకా తాత మల్లయ్యదే. ఆ తాతకు వేరే మనవలు కూడా ఉన్నారు, అక్కడే నిలబడి ఉన్నారు. ఈరయ్య నేల చూపులు చూశాడు. పటేలు కూడా ఎల్లమ్మ తల్లి పేరు ఉన్న చోటు మీద మోచెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"సంగమ్మా, నువ్వు చదువుకున్న పిల్లవు. బావి కొలిచింది నువ్వే. ఎవలదని మీ నాయిన అంటుండె?" అని పటేలు నన్ను అడిగాడు.

నీళ్లకు పదకొండు మూరలు, తడిసినవి ఏడు. గట్టు మీద వేడి రాయి. అక్షరాల మీద పెట్టబోయి వెనక్కి తీసుకున్న వేలు. అంతా గుర్తుంది.

"చిన్నప్పటి ముచ్చట పటేలా. నాకు యాదికి లేదు" అన్నాను.

అత్త నన్ను తిట్టలేదు. ఏడవలేదు. ఆశ్చర్యపోయినట్టు కూడా కనిపించలేదు. కూర్చున్నచోటే నడుము దగ్గర చెయ్యి పెట్టి, చుట్టుకున్న పాత గుడ్డ మూట విప్పింది. అందులోంచి ఒక సన్నటి నోటుబుక్కు తీసింది. అంచులు పసుపుపచ్చబడ్డాయి, వేపాకు వాసన వస్తోంది. అట్ట మీద నా చేతిరాత: సంగమ్మ, 7వ తరగతి.

"కాల్చినన్నవ్ గదా!" అని నా నోటి నుంచే వచ్చేసింది.

"నీకు గట్లనె చెప్పిన. నువ్వు మీ నాయినకు చెప్తవని" అంది. "దాన్ల తమ్ముని సంతకమున్నది. తమ్ముడు మంచోడే. తమ్మునికి కొడుకున్నడు గదా."

పదకొండేళ్లు గాదెలో, వేపాకుల మధ్య దాచింది. దానికోసం ఇంటికి పోయి రాలేదు. పొద్దున పంచాయితీకి వచ్చేటప్పుడే నడుముకు కట్టుకుని వచ్చింది. అంటే నేను ఏమంటానో ఆమె ముందే అనుకుంది. ముందు నాకు ఒక అవకాశం ఇచ్చి చూసింది. సిగ్గుతో నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నోటుబుక్కు నా ఒళ్లో పెట్టింది.

"చదువు సంగీ. ఇందుకే గదా నిన్ను చదివిచ్చిన."

చదివాను. "బావి ఎవరిది: మా మేనత్త మహాదేవమ్మది. నీళ్లకు లోతు: పదకొండు మూరలు. తడిసినవి: ఏడు మూరలు. మూర కూడా ఆమెదే. ఇంటిపెద్ద సంతకం: గురులింగప్ప." రెండో పేజీ చదివాను. మూడో పేజీ చదివాను. ప్రతి పేజీ కింద ఆ ఎద్దుతోక ఉంది. మా అన్న తొంగి చూసి, తన కాగితం చుట్టుకున్నాడు.

నేను చదవడం అయ్యాక అత్త నా చేతిలోంచి నోటుబుక్కు తీసుకుని పటేలుకు ఇచ్చింది.

"జర సూడు పటేలా. ఉన్నదే చదివిందా?"

పటేలు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. వేలు పెట్టి మూడు పేజీలూ చూశాడు. "ఉన్నదున్నట్టే చదివింది. సంతకం గురులింగప్పదే. బావి నీదే మహాదేవమ్మా, మోటారు తీపిస్త" అన్నాడు. అప్పుడు గానీ ఆమె లేవలేదు.

అన్న ఇంటికి నేను మళ్లీ పోలేదు, వాళ్లు పిలవలేదు కూడా. ఆ సాయంత్రం అత్త వెంట గుడిసెకు పోయాను. ఆమె నాకు జొన్నరొట్టె చేసిపెట్టింది, పుండికూర వేసింది, నేను వద్దన్నా రెండో రొట్టె వేసింది. పిల్లల సంగతులు అడిగింది. పంచాయితీ మాట ఒక్కటీ ఎత్తలేదు. నా తప్పు క్షమించిందేమో అనుకున్నాను. తిన్నాక ఆమె నడుము దగ్గరి మూట విప్పి చేతిలో పట్టుకుంది, గుడిసెలో అటూ ఇటూ చూసింది, తర్వాత నా వైపు చూసింది.

"జర బయట నిలబడు సంగీ. ఇది దాచి పిలుస్త" అంది.

నేను బయటికి వెళ్లి, బావి వైపు తిరిగి నిలబడ్డాను.